లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్: విండోస్ జోలికి పోకుండా ఉబుంటు నడుపుకోవడం ఎలా

"విండోస్ తీసేయకుండా లైనక్స్ నేర్చుకోవచ్చా?" "పార్టిషన్ చేస్తే ఫొటోలు పోతాయా?" "వర్చువల్‌బాక్స్ వేశాను, ఎర్రర్ వస్తోంది, ఇప్పుడేం చేయాలి?" సెమిస్టర్ మొదలైతే చాలు, ఈ మూడు ప్రశ్నలూ వరసపెట్టి వస్తాయి. ఎవరికి వారికి విడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను. విండోస్ 11 లాప్‌టాప్, వర్చువల్‌బాక్స్ (వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్), ఉబుంటు 24.04 (లైనక్స్‌లో ఒక రకం) అనుకుని చెబుతున్నాను. విండోస్ 10లో మెనూల పేర్లు కాస్త మారతాయంతే.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మీ ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చారనుకోండి. అద్దెకున్నవాళ్లకు వాళ్ల వంటిల్లు, వాళ్ల తలుపు, వాళ్ల తాళం ఉంటాయి. కానీ నీళ్ల ట్యాంకు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. వర్చువల్ మెషీన్ ఆ పోర్షనే, అంటే విండోస్ లోపల ఒక ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్. ఇంటి ఓనరు విండోస్, దాన్ని హోస్ట్ అంటారు. అద్దెకు దిగింది ఉబుంటు, దాన్ని గెస్ట్ అంటారు. ట్యాంకు మీ ర్యామ్. వాళ్లకు ఎక్కువ వదిలితే మీకు నీళ్లుండవు. స్లో అయిపోయిందని నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే.

ముందు ఇది మీకు అవసరమా?

లైనక్స్ కమాండ్లు నేర్చుకోవడం, పైథాన్, సి ప్రోగ్రాములు రాసుకోవడం వరకే అయితే విండోస్‌లోనే ఉన్న డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ కమాండ్లు నడిపే సదుపాయం) చాలు. తేలిక, త్వరగా తెరుచుకుంటుంది, ఈ తిప్పలేవీ ఉండవు. అది వాడుకోండి, ఈ వ్యాసం ఇక్కడితో వదిలేయండి, నేనేమీ అనుకోను.

పూర్తి డెస్క్‌టాప్ కావాలన్నా, రెండు మూడు మెషీన్లు కలిపి నెట్‌వర్కింగ్ ల్యాబ్ చేయాలన్నా, పాడైపోయినా ఫర్వాలేదనుకునే ప్రయోగాలు చేయాలన్నా వర్చువల్ మెషీన్ సరైన దారి. గేములకూ వీడియో ఎడిటింగ్‌కూ మాత్రం ఆశ పెట్టుకోకండి. మీ లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ కార్డు వర్చువల్‌బాక్స్ గెస్ట్‌కు నేరుగా అందదు.

ఏమేం కావాలి

- ర్యామ్ 8 జీబీ. 16 ఉంటే హాయి. 4 జీబీ లాప్‌టాప్‌లో ప్రయత్నించకండి, రెండూ నడవవు.
- ఎస్‌ఎస్‌డీలో కనీసం 40 జీబీ ఖాళీ. పాత తిరిగే హార్డ్‌డిస్క్ మీద కూడా నడుస్తుంది, కానీ ఉబుంటు తెరుచుకునేలోపు మీరు టీ పెట్టుకుని తాగేసి రావచ్చు.
- వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాలర్. ఒరాకిల్ వాళ్ల అసలు వర్చువల్‌బాక్స్ సైట్ నుంచే దించుకోండి. ఇది ఉచితం.
- ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) ఐఎస్ఓ ఫైల్, అంటే ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా. దాదాపు 6 జీబీ. రోజుకు 2 జీబీ డేటా ప్యాక్ మీద ఉన్నవాళ్లు కాలేజీ వైఫైలోనో స్నేహితుడి ఇంట్లోనో దించుకోండి. లేదంటే టొరెంట్ లింక్ వాడండి, మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచే మళ్లీ సాగుతుంది.
- చార్జర్. బ్యాటరీ మీద ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి.

ర్యామ్ 8 జీబీయే ఉంటే మామూలు ఉబుంటు బదులు జుబుంటు గానీ లుబుంటు గానీ తీసుకోండి. లోపలంతా అదే ఉబుంటు, పైన డెస్క్‌టాప్ తేలికైనది. నేర్చుకునేదాంట్లో తేడా ఏమీ రాదు.

ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్ వాడేవాళ్లకు ఒక మాట. మీ ప్రాసెసర్ ఏఆర్‌ఎమ్ రకం. కాబట్టి ఏఆర్‌ఎమ్64 అని రాసి ఉన్న ఐఎస్ఓ తీసుకోవాలి. మామూలు ఏఎండీ64 ఫైల్ దించుకుని బూట్ కావడం లేదని బాధపడేవాళ్లు చాలామంది. మ్యాక్‌లో యూటీఎమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తేలిగ్గా ఉంటుంది. కింది అడుగులన్నీ విండోస్ వాళ్ల కోసం.

1. వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందా?

వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ ఇచ్చే తోడ్పాటు ఇది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. గ్రాఫ్ కింద "వర్చువలైజేషన్" పక్కన "ఎనేబుల్డ్" అని ఉంటే నేరుగా 2వ అడుగుకు వెళ్లిపోండి.

"డిజేబుల్డ్" అని ఉంటే బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఆగండి, దానికంటే ముందు ఒక పని ఉంది. చాలా విండోస్ 11 లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయాస్‌లో సెట్టింగ్ మారిస్తే, తిరిగి తెరిచేటప్పుడు బిట్‌లాకర్ (డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం వేసే విండోస్ భాగం) 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే లాగిన్ అయి, కీ చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. లాప్‌టాప్ లాక్ అయ్యాక, ఫోన్లో పాస్‌వర్డ్ గుర్తురాక, మర్నాడే ప్రాజెక్ట్ రివ్యూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, కంపెనీ గుర్తు కనబడుతుండగానే బయాస్ కీ తడుతూ ఉండండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవోలో ఎఫ్2, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. కీ పట్టుబడకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ దారిలో వెళ్లి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ (మనం బయాస్ అంటున్నది ఇదే) ఎంచుకోండి.

లోపల ఇంటెల్ ప్రాసెసర్ అయితే "ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ" అనో "విటి-ఎక్స్" అనో ఉంటుంది. ఏఎండీ అయితే "ఎస్‌వీఎమ్ మోడ్". సీపీయూ, అడ్వాన్స్‌డ్, సెక్యూరిటీ పేర్లున్న పేజీల్లో వెతకండి. ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. మిగతా వేటినీ ముట్టుకోవద్దు. మళ్లీ టాస్క్ మేనేజర్ చూసి "ఎనేబుల్డ్" అని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

2. దించిన ఐఎస్ఓ పూర్తిగా దిగిందా?

ఈ అడుగు అందరూ దాటేస్తారు. తర్వాత ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతే తప్పు వర్చువల్‌బాక్స్ మీద వేస్తారు. సెవెన్-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) తీయండి. ఉబుంటు సైట్‌లో అదే ఫైల్ పేరు పక్కనుండే అక్షరాల వరుసతో పోల్చండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కలిస్తే డౌన్‌లోడ్ సరిగ్గా అయిందనుకోవచ్చు. కలవకపోతే మళ్లీ దించడమే, వేరే దారి లేదు.

ఐఎస్ఓను ఎక్స్‌ట్రాక్ట్ చేయనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోకి రాయనూ అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు వాడతాం.

3. వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాల్

"విజువల్ సి++ 2019 రీడిస్ట్రిబ్యూటబుల్ కావాలి" అని ఆగిపోతే, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దాని 64 బిట్ ఫైల్ వేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. నెట్‌వర్క్ తాత్కాలికంగా ఆగుతుందని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. అది నిజమే, కొన్ని క్షణాలు నెట్ పోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఈ పని పెట్టుకోకండి. పైథాన్‌కు సంబంధించినవేవో లేవని ఇంకో హెచ్చరిక వస్తే పట్టించుకోకుండా "యస్" నొక్కండి.

ఎక్స్‌టెన్షన్ ప్యాక్ (వర్చువల్‌బాక్స్‌కు అదనపు సదుపాయాలిచ్చే ఫైల్) వేసుకోవాలా అని అడుగుతుంటారు. మనకు అవసరం లేదు. వర్చువల్‌బాక్స్ 7 నుంచి యూఎస్‌బీ 3 మద్దతు అసలు ప్యాకేజీలోనే ఉంది. పైగా ఆ ప్యాక్ సొంత వాడకానికీ చదువుకూ మాత్రమే ఉచితం, ఆఫీసు పనికి వాడితే లైసెన్స్ కొనాలి.

4. మెషీన్ తయారుచేయడం

"న్యూ" నొక్కి, పేరు పెట్టి, ఐఎస్ఓ ఫైల్ చూపించండి. ఈ కిటికీలోనే అసలు గొయ్యి ఉంది.

ఐఎస్ఓ చూపించగానే వర్చువల్‌బాక్స్ "అన్‌అటెండెడ్ ఇన్‌స్టాల్" చేసిపెడతానంటుంది, అంటే మిమ్మల్ని ఏమీ అడగకుండా తనే చేసేస్తానని. వినడానికి బాగుంటుంది. వద్దు. దాన్ని అలాగే వదిలేస్తే "వీబాక్స్‌యూజర్" పేరుతో అకౌంట్, "ఛేంజ్‌మీ" అనే పాస్‌వర్డ్ తయారవుతాయి. ఆ అకౌంట్‌కు అడ్మిన్ హక్కులుండవు. ఉబుంటులో టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) నొక్కితే కాసేపు తిరిగి మాయమైపోతుంది. "టెర్మినల్ తెరుచుకోవడం లేదు" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న మీ యూజర్‌నేమ్ ఏంటని. పది మందిలో తొమ్మిది మంది చెప్పేది ఆ పేరే.

మీ వెర్షన్‌లో "స్కిప్ అన్‌అటెండెడ్" అని ఉంటే టిక్ పెట్టండి. "ప్రొసీడ్ విత్ అన్‌అటెండెడ్" అని ఉంటే టిక్ తీసేయండి. మాట జాగ్రత్తగా చదవండి, రెండిటికీ అర్థం తలకిందులు. ఇప్పటికే పొరపాటు జరిగిపోయి ఉంటే రిపేరు జోలికి పోకండి, మెషీన్ తీసేసి మళ్లీ చేసుకోవడమే తక్కువ పని.

తర్వాత కేటాయింపులు:

- ర్యామ్: లాప్‌టాప్‌లో 16 జీబీ ఉంటే 4 నుంచి 6 ఇవ్వండి. 8 జీబీయే ఉంటే జుబుంటుకు 3 ఇచ్చి, హోస్ట్‌లో బ్రౌజర్ మూసేయండి. స్లైడర్ ఎరుపు రంగులోకి పోతే మీ ట్యాంకు మీరే ఖాళీ చేసుకుంటున్నట్టు.
- ప్రాసెసర్లు: 2. అన్నీ ఇస్తే వేగం పెరుగుతుందనుకోకండి, విండోస్ ఊపిరాడక గెస్ట్‌ను కూడా ఆపేస్తుంది.
- డిస్క్: 30 జీబీ. ముందుగానే మొత్తం కేటాయించే టిక్ పెట్టకపోతే ఫైల్ చిన్నగా మొదలై వాడకం కొద్దీ పెరుగుతుంది. పెరిగింది తనంతట తాను తగ్గదు. లోపల 10 జీబీ తొలగించినా బయట ఫైల్ అంతే ఉంటుంది.

మెషీన్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే చోట, ముఖ్యంగా డెస్క్‌టాప్ మీద పెట్టకండి. ఉబుంటులో మీరు ఒక చిన్న ఫైల్ సేవ్ చేసినా డిస్క్ ఫైల్ మారుతుంది, వన్‌డ్రైవ్ ఆ జీబీలన్నీ ఎక్కించడానికి కూర్చుంటుంది. హాట్‌స్పాట్ మీద ఉంటే ఆ రోజు డేటా అక్కడికే సరి.

5. ఉబుంటు ఇన్‌స్టాల్

"స్టార్ట్" నొక్కండి. మౌస్ లోపల ఇరుక్కుపోతే కీబోర్డులో కుడివైపు కంట్రోల్ నొక్కితే బయటికి వస్తుంది. ఇది గుర్తుంచుకోండి, లేదంటే కంగారులో పవర్ బటన్ నొక్కేస్తారు. చాలామంది నొక్కారు.

స్క్రీన్ చిన్నగా ఉండి "నెక్స్ట్" బటన్ కనబడకపోతే, విండోస్ కీ పట్టుకుని మౌస్‌తో ఆ కిటికీని పైకి లాగండి.

కొద్దిసేపటికి అందరి గుండె జారే మాట ఒకటి వస్తుంది: "ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు". మీ ఫొటోలు ఎక్కడికీ పోవు. ఇక్కడ డిస్క్ అంటే ఇందాక మీరు తయారుచేసిన ఫైలే. నమ్మకం కుదరకపోతే అక్కడే చూసుకోండి, డిస్క్ పేరులో "వీబాక్స్ హార్డ్‌డిస్క్" అని ఉంటుంది. మీరు 30 ఇస్తే 32 జీబీ చిల్లర అని చూపవచ్చు. అది లెక్క కట్టే పద్ధతిలో తేడా, తప్పు కాదు. ఒకవేళ 512 జీబీ డిస్క్ కనబడిందంటే మాత్రం చేయి తీసేయండి. మీరున్నది వర్చువల్ మెషీన్‌లో కాదు, అసలు లాప్‌టాప్‌నే ఐఎస్ఓతో బూట్ చేశారన్నమాట.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి వదిలేయండి. ఎస్‌ఎస్‌డీ మీద పావుగంట, అరగంట పడుతుంది. చివర్లో "ఇన్‌స్టాలేషన్ మీడియం తీసేసి ఎంటర్ నొక్కండి" అంటే ఎంటర్ నొక్కితే చాలు. మళ్లీ ఇన్‌స్టాలరే మొదలైతే మెషీన్ ఆపి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి ఐఎస్ఓను డ్రైవ్ నుంచి తీసేయండి.

సరిగ్గా అయిందో లేదో చూడాలంటే ఉబుంటు సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరవండి. హార్డ్‌వేర్ మోడల్ దగ్గర "ఇన్నోటెక్" అనే పేరు కనబడుతుంది. వర్చువల్‌బాక్స్‌ను మొదట తయారుచేసిన జర్మన్ కంపెనీ అది. 2008లో దాన్ని సన్ కొంది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. ఓనర్లు ఇద్దరు మారినా గుమ్మం మీద పాత నేమ్‌ప్లేట్ అలాగే ఉండిపోయింది.

6. గెస్ట్ అడిషన్స్

ఇది ఉబుంటు లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్ల ప్యాకేజీ. ఇది లేకపోతే స్క్రీన్ కిటికీకి తగ్గట్టు సాగదు, హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య కాపీ-పేస్ట్ పనిచేయదు. ముందు ఉబుంటు టెర్మినల్లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని రాసి, జీసీసీ, మేక్, పెర్ల్, బీజిప్2 అనే నాలుగు పేర్లు మధ్యలో ఖాళీలిస్తూ ఇవ్వండి. అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే (sudo apt install gcc make perl bzip2). పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిపోలేదు, అది అంతే. కొట్టి ఎంటర్ నొక్కండి.

తర్వాత పైన "డివైసెస్" మెనూలో చివరనున్న "ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్" నొక్కండి. ఫైల్స్‌లో ఆ సీడీ తెరిచి, ఆటోరన్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రోగ్రామ్‌లా నడపండి. పూర్తయ్యాక రీస్టార్ట్.

పరీక్ష సులువు. వర్చువల్‌బాక్స్ కిటికీ మూలను పట్టుకుని లాగండి. డెస్క్‌టాప్ దానితోపాటే సాగితే పని అయినట్టే. సాగకపోతే పై నాలుగు ప్యాకేజీలు ముందు వేయకుండా సీడీ నడిపి ఉంటారు, మళ్లీ చేయండి. అప్పుడు డివైసెస్‌లో షేర్డ్ క్లిప్‌బోర్డ్‌ను "బైడైరెక్షనల్" చేయండి. అయినా కాపీ-పేస్ట్ మొండికేస్తే లాగిన్ తెర మీద కింద కుడివైపు పళ్ల చక్రం గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ జార్గ్" ఎంచుకోండి.

ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోవచ్చు. పెట్టాక "పర్మిషన్ లేదు" అనడం ఖాయం. టెర్మినల్లో సుడో యాడ్‌యూజర్, తర్వాత మీ యూజర్‌నేమ్, చివర వి-బాక్స్-ఎస్-ఎఫ్ అని (గీతలు లేకుండా ఒకే మాటగా, vboxsf) ఇచ్చి రీస్టార్ట్ చేస్తే తెరుచుకుంటుంది. హోస్ట్‌లోని డాక్యుమెంట్స్ మొత్తాన్ని షేర్ చేయకండి, ఇందుకోసమే ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టండి. పోర్షన్ ఇచ్చినవాళ్లు బీరువా తాళం ఇవ్వరు కదా.

7. వెంటనే స్నాప్‌షాట్

ఇంకేమీ ముట్టుకోకముందే మెషీన్ ఆపి "స్నాప్‌షాట్స్"లో "టేక్" నొక్కి, "కొత్తది, బాగున్నది" అని పేరు పెట్టండి. రేపు ఏ కమాండ్ కొట్టి పాడుచేసుకున్నా అర నిమిషంలో ఈ స్థితికి రావచ్చు. వర్చువల్ మెషీన్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. అసలు లాప్‌టాప్‌కు ఈ భాగ్యం లేదు.

రెండు జాగ్రత్తలు. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, లాప్‌టాప్ పోతే అదీ పోతుంది. ప్రాజెక్ట్ పని ఉంటే ఫైల్ మెనూలోని "ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్"తో ఓవీఏ ఫైల్ (మెషీన్ మొత్తం ఒకే ఫైల్‌గా) తీసి బయటి డిస్క్‌లో పెట్టండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. రెండోది, పదిహేను స్నాప్‌షాట్లు పోగేస్తే డిస్క్ నిండుతుంది. రెండు మూడు ఉంచుకుని మిగతావి వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే తీసేయండి. ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో డిలీట్ చేశారో, మెషీన్ మళ్లీ లేవదు.

తాబేలు కనబడితే

కిటికీ కింద కుడి మూల గుర్తుల్లో ఆకుపచ్చ తాబేలు ఉందా? ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను విండోస్ సొంత వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీ ముందే తీసేసుకుంది, వర్చువల్‌బాక్స్ దాని చాటున నడుస్తోంది. అందుకే నత్తనడక. హోమ్ ఎడిషన్‌లో హైపర్-వీ లేదు కదా అనుకోకండి, దాని పునాది భాగం అక్కడా ఉంటుంది.

వేగం మీకు సరిపోతుంటే తాబేలును దాని మానాన వదిలేయండి. భరించలేకపోతే "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్"లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్‌లు తీసి రీస్టార్ట్ చేయండి. దీంతో డబ్ల్యూఎస్‌ఎల్ 2 ఆగిపోతుంది, డాకర్ కూడా దానిమీద ఆధారపడి ఉంటే అదీ ఆగుతుంది. అప్పటికీ తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉండే "మెమరీ ఇంటెగ్రిటీ" సాధారణంగా కారణం. అది విండోస్‌కు రక్షణ కవచం. ఒక ల్యాబ్ ఎక్సర్‌సైజ్ కోసం దాన్ని తీసేయమని నేను చెప్పను. తీస్తే పని అవగానే తిరిగి పెట్టండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇవేవీ మార్చకండి, ముందు ఐటీ వాళ్లను అడగండి.

మిగతా చిక్కులు, గబగబా

- "విటి-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ద బయాస్" అంటే 1వ అడుగు చేయలేదు.
- లాగిన్ తర్వాత నల్లటి తెర: డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వీడియో మెమరీ 128 ఎంబీకి పెంచండి, 3డీ యాక్సిలరేషన్ టిక్ తీసి చూడండి.
- నెట్ రావడం లేదు: నెట్‌వర్క్‌ను "న్యాట్"లో (హోస్ట్ నెట్‌నే గెస్ట్ పంచుకునే పద్ధతి) పెట్టండి. "బ్రిడ్జ్‌డ్" పెడితే గెస్ట్ మీ రౌటర్‌ను నేరుగా ఐపీ అడుగుతుంది. లాగిన్ పేజీ ఉండే హాస్టల్ వైఫైల్లో అది తరచూ కుదరదు. న్యాట్‌లో గెస్ట్ ఐపీ సాధారణంగా 10.0.2.15. రెండు మెషీన్లలోనూ అదే కనబడిందని కంగారుపడకండి, న్యాట్‌లో ఎవరి గది వారిదే. అవి ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే రెండిటికీ "హోస్ట్-ఓన్లీ" అడాప్టర్ కూడా పెట్టండి.
- మూసేటప్పుడు మూడు ఎంపికలు వస్తాయి. రోజూ వాడేటప్పుడు "సేవ్ ద మెషీన్ స్టేట్", పని ముగిస్తే "షట్‌డౌన్ సిగ్నల్". "పవర్ ఆఫ్" అంటే ప్లగ్ పీకడమే, మెషీన్ బిగుసుకుపోయినప్పుడు తప్ప వద్దు. స్టేట్ సేవ్ చేసి ఉన్నప్పుడు ర్యామ్, ప్రాసెసర్ సెట్టింగ్స్ మార్చనివ్వదు. ఆ సెట్టింగ్స్ మసకగా కనబడితే ముందు పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

సెమిస్టర్ అయిపోయి మెషీన్ వద్దనుకున్నప్పుడు దాని మీద రైట్ క్లిక్ చేసి "రిమూవ్", తర్వాత "డిలీట్ ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. "రిమూవ్ ఓన్లీ" నొక్కితే జాబితాలోంచి పేరు పోతుంది, డిస్క్ ఫైల్ మాత్రం అలాగే కూర్చుంటుంది. సి డ్రైవ్ ఎర్రబడిందని నా దగ్గరికి వచ్చినవాళ్ల లాప్‌టాప్‌లలో "వర్చువల్‌బాక్స్ వీఎమ్స్" ఫోల్డర్ తెరిస్తే, కిందటేడు ఖాళీ చేయించామనుకున్న పోర్షన్లు ఇంకా తాళం వేసి ఉంటాయి.